మారేడు గడ్డ వెంట పెచ్చెరువు దాకా

కర్నూల్లో ఎండ ముదిరిందంటే బండ్ల మీద నన్నారి సీసాలు బారులు తీరతాయి. గ్లాసులో రెండు మూడు చెంచాల పానకం, అరచెక్క నిమ్మకాయ, నానిన సబ్జా, పైన సోడా. ఆ వాసన మారేడు గడ్డది. అది పుట్టే చోటు చూడాలంటే నల్లమల ఎక్కాలి. ఉగాదికి వారం ముందు మేం నలుగురం ఆ పనిమీదే బయల్దేరాం.

ఉగాదే ఎందుకంటే, మిగతా రోజుల్లో ఆ దారిలోకి పోనివ్వరు. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి. 1978లో అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ కేంద్రం అయింది. శివరాత్రికి, ఉగాదికి మాత్రం శ్రీశైలం కాలినడక భక్తులకు దారి వదులుతారు. ఉగాదికి కన్నడ జనం ఎక్కువ. వాళ్లలో కొందరు మరకాళ్ల మీద నడుస్తారు. చెప్పులేసుకున్న మనకే మడమ మెలిపడే రాళ్లలో వాళ్లు కట్టెకాళ్లతో ఎలా నెగ్గుకొస్తారో చూసినా అర్థం కాదు.

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు సుమారు 70 కిలోమీటర్లు. 2022 నుంచి అది నంద్యాల జిల్లా కిందికి పోయింది గానీ నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తుంది. ఆత్మకూరులో ఆటో పట్టుకుని వెంకటాపురం, అక్కణ్ణుంచి కాళ్లే. నాగలూటి వీరభద్రస్వామి గుడి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఆపైన శ్రీశైలం. మొత్తం నలభై కిలోమీటర్ల పైమాటే. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు మోయాల్సిందే. దారిలో చలివేంద్రాలుంటాయి కానీ రెండింటి మధ్య గొంతు ఎండేంత దూరం ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి నడక మొదలుపెట్టి, పదకొండుకల్లా నీడ చూసుకోవాలి. పదకొండు తర్వాత నడిచినవాళ్లే ఎక్కువగా కళ్లు తిరిగి పడిపోతున్నారు.

నాగలూటి దాటాక మెట్లు మొదలవుతాయి. ఎక్కేటప్పుడు కుడివైపు రాళ్ల మీద ఆకు లేకుండా, తెల్లగా, కాగితం పొరల్లా బెరడు ఊడుతూ నిలబడ్డవి తపసి చెట్లు. వాటి బంకకు చెంచుల సంసారంలో తేనెతో సమానమైన చోటుంది. మూడడుగుల చుట్టుకొలత లేని చెట్టును ముట్టకూడదు. బెరడు మాత్రమే చెక్కాలి, కట్టె తగలకూడదు. గొడ్డలితో లోతుగా నరికితే మొదటి వారం బంక ఎక్కువే కారుతుంది. ఆ తర్వాత గాయం మూయలేక చెట్టు పురుగు పట్టి చస్తుంది. అందుకే పదునైన చిన్న కత్తితో పైపైన చెక్కి, మూడు నాలుగు రోజులకోసారి బంక తీసి, గాయాన్ని కొద్దికొద్దిగా పైకి జరుపుతారు. ఎండాకాలపు బంక తెల్లగా, గాజులా ఉంటుంది. ఒక్క వాన తగిలితే ఎర్రబడుతుంది, బెరడు ముక్కలు అంటుకుంటాయి, రేటు పడిపోతుంది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనేటప్పుడు చూసేది ముందుగా రంగు, ఆపైన చెత్త.

మెట్ల పక్కనే రెండు రకాల గింజలు రాలి కనబడ్డాయి. తెలియనివాళ్లు ఈ రెంటినీ కలిపేసుకుంటారు. బొత్తాంలా చపటగా, బూడిద రంగులో, పట్టులా నున్నగా ఉన్నది విషముష్టి. అది నారింజ రంగు కాయలోంచి రాలింది. చిన్నగా, గుండ్రంగా, నల్లటి పండులోంచి వచ్చింది చిల్లగింజ. రెండూ దగ్గరి చుట్టాలైన చెట్లు. ఒకటి ప్రాణం తీస్తుంది, రెండోది నీళ్లు తేరుస్తుంది. చిల్లగింజను కడవ లోపలి గోడకు బాగా అరగదీసి, బురద నీళ్లు పోసి రాత్రంతా కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగుతుంది. తేటపడినంత మాత్రాన నీళ్లలోని రోగం పోదు, కాచే తాగాలి. ఏది ఏదో ఖాయంగా తెలియకపోతే రెండూ ముట్టకపోవడమే మంచిది.

పెచ్చెరువు చెంచుగూడెం చేరేసరికి మధ్యాహ్నం. ఒకటి రెండు చుట్టిళ్లు, మిగతావి సర్కారు కట్టించిన గదులు. గదుల్లో సామాన్లు, చుట్టింట్లో మనుషులు. రేకు కప్పు కింద ఈ ఎండల్లో ఎవరు పడుకుంటారు? చెంచులు మాట్లాడేది తెలుగే, యాస వేరు. శ్రీశైలం మల్లన్న వాళ్లకు అల్లుడు, అహోబిలం నరసింహస్వామీ అల్లుడే. చెంచులక్ష్మిని చేసుకున్న స్వామి కనుమ నుంచి నలభై రోజుల పైచిలుకు పారువేటకు పల్లకీలో ఊళ్లు తిరగడం ఆ వరసతోనే. దారిలో భక్తులు వాళ్లను ఆశీర్వాదం అడుగుతారు, వాళ్లేమో నవ్వి మజ్జిగ అడుగుతారు.

మేం వచ్చిన పని మారేడు గడ్డ. శివుడికి పెట్టే మారేడు దళానికీ దీనికీ సంబంధం లేదు. అది చెట్టు, ఇది రాళ్ల సందుల్లో అల్లుకునే తీగ. శాస్త్రం పేరు డెకాలెపిస్ హామిల్టోని. బజారులో నన్నారి పేరుతోనే అమ్మే సుగంధిపాల వేరే తీగ. దాని ఆకు సన్నం, నడిమి ఈనె మీద తెల్లటి చార, వేరు దారంలా గట్టిగా ఉంటుంది. మారేడుకు వెడల్పాటి నున్నని ఆకు, వేలు లావు నుంచి మణికట్టు లావు దాకా కండ పట్టిన గడ్డలు. తుంచితే రెండూ పాలు కారుస్తాయి. రెంటి వాసనా దగ్గర దగ్గరే. వెనిలా వాసనకు అన్నదమ్ముడి లాంటి పదార్థం రెంటిలోనూ ఉంది.

గూడెం పెద్దాయన మమ్మల్ని వాలు మీదికి తీసుకుపోయి చూపించాడు. ఈ అడవిలో గడ్డ తవ్వే హక్కు వాళ్లది. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద ఆ హక్కును 2006 నాటి అటవీ హక్కుల చట్టం రాసిచ్చింది. బయటివాళ్లం ఆకు తుంచినా తప్పే. ఆయన తీగ మొదలు దగ్గర గునపం వేయలేదు. జానెడు అవతల మట్టిని చేత్తో గీకి, గడ్డ ఏ దిక్కుకు పోయిందో వేలితో తడుముతూ వెంబడించాడు. గునపం వాడింది రాయి కదపడానికే. తీగకు ఏడెనిమిది గడ్డలు గుత్తిగా ఉన్నాయి. మొదలుకు నాలుగు వేళ్లు వదిలి కోసి, ఐదు తీశాడు. మిగతావాటి మీద మట్టి కప్పి, ఎండాకు పరిచి, పైన రాయి పెట్టాడు.

‘‘రాయెందుకు పెద్దాయనా?’’

‘‘అడివిపంది తవ్వుతాది నాయనా. తల్లిని ఇడిసిపెడితే మూడు నాలుగేండ్లకు మళ్లా ఇస్తాది. తల్లిని పెరికితే యాడుంటాది?’’

పెరికేవాళ్లు ఉన్నారు కాబట్టే ఈ తీగ అంతరించే ప్రమాదమున్న మొక్కల అంతర్జాతీయ జాబితాకు ఎక్కింది. కొనే వ్యాపారి తూకం చూస్తాడు తప్ప తవ్విన తీరు చూడడు. మొదలుతో సహా పెరికితే తూకం పెరుగుతుంది. చెంచులు సాధారణంగా ఆ పని చేయరు. అడవి అంచు నుంచి రాత్రిళ్లు వచ్చే కూలి ముఠాలకు రేపు మళ్లీ ఇక్కడికి రావాల్సిన పని లేదు.

తెల్లారేసరికి గూడెం వెనక ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు పూలు ఏరుతున్నారు. పువ్వు రాలేది పొద్దు పొడవక ముందే. ఎండెక్కితే పులిసిపోతుంది, జింకలకూ ఎలుగుకూ పోతుంది. ఏరడం సులువని కింద ఆకులు తగలబెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నిప్పు చెయ్యి దాటితే గుట్టంతా పోతుంది. ఇక్కడ పాత చీరలు పరిచారు.

తేనె తీసేది చూడలేదు. కొండచరియకు పట్టిన పెద్ద పట్టును రాత్రిపూట, నారతాడు మీద వేలాడుతూ, పొగబెట్టి కోస్తారు. పైన తాడు పట్టుకునేది బావమరిది. అక్క తాళి తెగనివ్వడని నమ్మకం. పట్టులో పిల్లలున్న భాగం కలిపి పిండితే తేనె పులుస్తుంది. కొనేటప్పుడు నురగ కనబడితే వదిలేయండి.

భీముని కొలను లోయలోకి దిగి మళ్లీ కైలాసద్వారం ఎక్కడం ఈ దారిలో అన్నిటికన్నా కష్టం. రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. మోకాళ్లు ఎత్తే ప్రతి మెట్టుకూ ఆయన గుర్తొస్తాడు, మంచికో చెడుకో.

శ్రీశైలం నుంచి బస్సులో తిరిగి ఆత్మకూరు వచ్చాం. అక్కడ ఓ కొట్లో గడ్డల మూటలు విప్పి చూశాం. సగం గడ్డలకు ముడి లాంటి మొదలు అలాగే ఉంది. ముడి ఉంటే తీగ చచ్చినట్టే. చివర శుభ్రంగా కోసినవి మాత్రమే ఏరి అరకిలో తూయించుకున్నాం. కొట్టతను మొహం చిట్లించాడు గానీ ఇచ్చాడు.

పానకం ఇంట్లో కాచే పద్ధతి ఇది. గడ్డలను మట్టి పోయేదాకా కడిగి, రోకలితో మెల్లగా దంచితే కండ విడిపోతుంది. మధ్యనున్న కట్టె ఈనె పారేయాలి. దానికి వాసన లేకపోగా పానకానికి చెక్క రుచి తెస్తుంది. కండను రెండు లీటర్ల వేడినీళ్లలో పోసి, మూత బిగించి రాత్రంతా ఉంచాలి. పొద్దున సన్నసెగ మీద ఇరవై నిమిషాలు, మూత తీయకుండా. కుతకుత ఉడికిస్తే వాసన ఆవిరిలో పోయి వీధి వాళ్లకు చేరుతుంది, మీకు రంగు నీళ్లు మిగులుతాయి. పూర్తిగా చల్లారాక వడగట్టి, లీటరుకు రెండు కిలోల పంచదార వేసి, కరిగేదాకా మాత్రమే వేడి చేయాలి. పంచదార తగ్గితే పది రోజుల్లో నురగ కడుతుంది. ఎక్కువసేపు మరిగితే సీసా అడుగున పలుకులు తేలతాయి. దించాక రెండు నిమ్మకాయల రసం పిండితే ఆ బెడద తగ్గుతుంది. బజారు పానకానికుండే ముదురు రంగు గడ్డది కాదు, మాడ్చిన పంచదారది. రంగు కావాలంటే రెండు చెంచాలు వేసుకోండి, లేకపోతే లేత తేనె రంగులోనే ఉంటుంది. తడిలేని గాజు సీసాలో పోసి, కడిగి ఆరబెట్టిన కండ ముక్క ఒకటి పడేసి, మూడు రోజుల తర్వాత మూత తీయండి.