పాలు విరిగిన రోజు

ఆదివారం. రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది, ఫ్రిజ్‌లో పాల మీద అనుమానంగానే ఉంది. అయినా స్టవ్ మీద పెట్టాను. పొంగు రాకముందే తరకలు ఓ పక్క, పచ్చటి నీళ్ళు ఓ పక్క. సరిగ్గా అప్పుడే మావాడు మ్యాచ్ ఓడిపోయి, పెన్న ఇసకంతా బూట్లలో మోసుకొని ఇంట్లోకొచ్చాడు.

అత్తయ్య వాడి మొహం చూసింది, గిన్నె చూసింది.

"ఏం అబ్బయ్యా, తిక్కనలాగా విరిగొచ్చావా? పాలూ విరిగాయి చూడు."

వాడికి తెలిసిన తిక్కన భారతం రాసినాయన. ఈయన ఆయన దాయాది, ఖడ్గతిక్కన. 13వ శతాబ్దంలో నెల్లూరేలిన మనుమసిద్ధి సేనాని. గొల్లల నాయకుడు కాటమరాజు మీద యుద్ధానికెళ్ళి వెన్నిచ్చి ఇంటికొస్తే, భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఉంచిందట. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం, నీతో ముగ్గురమయ్యాం, ఇంక సిగ్గెందుకని. తల్లి ప్రోలమ్మ అన్నంలో విరిగిన పాలు పోసింది. మేతకెళ్ళిన పసులూ విరిగాయి, పాలూ విరిగాయి అంది. ఆయన మళ్ళీ వెళ్ళాడు, ఇక తిరిగి రాలేదు.

మధ్యాహ్నం టీవీలో ఏదో సినిమా. వెనక్కి తగ్గిన తమ్ముడి ముందు అక్క గాజులు విసిరేసింది. అత్తయ్య మురిసిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇదీ ఆ పసుపు ముద్దే కదా! ఏడొందల యాభై ఏళ్ళుగా మగాణ్ణి ఎగదోయడానికి మనవాళ్ళకి ఇంకో మాటే దొరకలేదు. పోనీ, చానమ్మ చురక నాలుగ్గోడల మధ్య మెల్లగా వేసింది. ఈమె ఊరంతా వినబడేలా అరిచింది.

అత్తయ్య పుట్టిల్లు కనిగిరి వైపు. చిన్నప్పుడు కొమ్ము ఊదుతూ కథ చెప్పే కొమ్ములవాళ్ళొచ్చి కాటమరాజు కథ పాడేవాళ్ళట. ఆ కథలో తిక్కన ఉండేది కాసేపే, మిగతాదంతా ఆవులే అంటుంది. కరువొచ్చి కాటమరాజు మందల్ని నెల్లూరు సీమకి తోలుకొచ్చాడు. గడ్డి మేపుకున్నందుకు పుట్టిన కోడెదూడలన్నీ రాజుకివ్వాలని ఒప్పందం. కథలో ఆ రాజు పేరు నల్లసిద్ధి. ఆయన ఉంచుకున్న కున్నమదేవి చిలక గొల్లల బాణానికి చచ్చింది. ఆమె ఆవుల్ని చంపించింది. కాటమరాజు పుల్లరి, అంటే ఆ మేత పన్ను, కట్టనన్నాడు. అంతే, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడులో రక్తం పారింది.

పసుపు, పాలు అయితే తెర మీదికి రకరకాలుగా వస్తూనే ఉన్నాయి. పుల్లరి మాటెత్తే వాళ్ళేరీ? గడ్డి కోసం యుద్ధమంటే పోస్టర్ మీద ఏం వేస్తారు!

సాయంత్రం ఆ విరిగిన పాలల్లో బెల్లం వేసి, అడుగంటకుండా దగ్గరపడేదాకా కలిపాను. మావాడు రెండు గిన్నెలు లాగించి వేళ్ళు నాక్కుంటూ, "నాయనమ్మా, వచ్చే ఆదివారం కూడా ఓడిపోనా?" అన్నాడు.