పురసవాక్కం షెడ్డులో ఆస్టిన్ ఏ40

విజయవాడ నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి వెళ్తూ, ఎన్నూరు స్టేషను దాటే వేళకు కిటికీ దగ్గరికి జరిగాను. 1948లో మొదలైన అశోక్ మోటార్స్ ఆస్టిన్ ఏ40 కార్లను అసెంబుల్ చేసింది ఈ ఎన్నూరులోనే. 1955లో ఆ సంస్థ అశోక్ లేలాండ్‌గా మారి లారీలు, బస్సుల తయారీలో స్థిరపడింది. నేను చూడటానికి వెళ్తున్నదీ ఒక ఏ40 కారే, అందులో డెవన్ అనే మోడల్. నెల్లూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1950లో మా తాతయ్య దాన్ని కొన్నారు.

కారు ఇప్పుడు పురసవాక్కంలో మావయ్య ఇంటి వెనక షెడ్డులో ఉంది. యాభై ఏళ్లు దాటిన పాత వాహనాలకు 2021లో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చి, నంబరులో ‘వీఏ’ అక్షరాలు ఇచ్చే ఏర్పాటు చేసిన నాటి నుంచి ఆయనకు దరఖాస్తు పెట్టాలని ఉంది. అయితే ఛాసిస్ (కారు అడుగు చట్రం), బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. అందుకే, రంగు వేయించే ముందు ప్రతి భాగాన్నీ చూసి రాసిపెడదామని నేనే పట్టుబట్టాను. రంగు పడితే పాత గుర్తులు మరి కనిపించవు.

ఛాసిస్ విషయంలో ఇబ్బంది కలగలేదు. తుప్పును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నంబరు మీద పలుచని కాగితం పరిచి పెన్సిలుతో రుద్దితే ఆర్.సి. పుస్తకంలోని అంకెలే వచ్చాయి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం కొలిస్తే 92.5 అంగుళాలు, డెవన్‌కు ఉండవలసినంతే ఉంది. కానీ దీని తర్వాత వచ్చిన సోమర్సెట్ మోడల్‌కూ ఇంతే దూరం కనుక ఈ కొలతను ఒంటరి సాక్ష్యంగా తీసుకోలేదు. లూకాస్ సంస్థ, కార్లలో కరెంటు పుట్టించే తన డైనమోల మీద నెల, సంవత్సరం పొడిచేది. ఈ డైనమో మీద 1950 అంకెలు చూసినప్పుడు మావయ్య ముఖం వెలిగిపోయింది.

ఇంజిను దగ్గర మాత్రం నాకు మొదటి నుంచీ అనుమానంగానే ఉంది. ఏ40 ఇంజిను 1200 సీసీది. అంబాసిడర్‌కు ఏళ్ల తరబడి అమర్చిన 1489 సీసీ బీ-సిరీస్ ఇంజిను దాని వారసత్వంలో పుట్టినదే కాబట్టి, పైపైన చూసి తేల్చడం ప్రమాదం. స్ట్రోకు (సిలిండర్‌లో పిస్టన్ కదిలే దూరం) కొలిచినా లాభం లేదు, రెండింటికీ అది 88.9 మిల్లీమీటర్లే. తేడా అంతా బోరులోనే, అంటే సిలిండర్ లోపలి వ్యాసంలోనే ఉంది: ఏ40కి 65.48, బీ-సిరీస్‌కు 73.025. గ్యాస్కెట్ కోసం మేస్త్రీ అప్పటికే హెడ్డు (సిలిండర్ల పై మూత) విప్పి ఉంచడం నా అదృష్టం. లోపల వెర్నియర్ పెట్టి చూస్తే 73.5 చూపించింది. అరిగిన సిలిండర్‌ను బోరింగ్ చేయిస్తే అర మిల్లీమీటరు పెరగవచ్చు గాని, ఎనిమిది మిల్లీమీటర్లు పెరగదు.

“అంటే ఇది మా నాన్నగారి ఇంజిను కాదా?” అన్నారు మావయ్య. నాకు వెంటనే సమాధానం చెప్పడం కష్టమైంది. ఆర్.సి. పుస్తకాన్ని మళ్లీ తిరగేస్తే వెనక పేజీలో పాత ఇంజిను నంబరును కొట్టివేసి, కొత్త నంబరు వేసి, 1967 నాటి తేదీతో సంతకం, ముద్ర ఉన్నాయి. టార్చి వెలుగులో బ్లాకు మీది నంబరు చదివాను. అది పుస్తకంలోని కొత్త నంబరే. తాతయ్య ఆ మార్పును దాచలేదు, కాగితాలకు ఎక్కించారు. దరఖాస్తుకు ఇది అడ్డే అవుతుందని మావయ్యకు చెప్పక తప్పలేదు. అయినా పాత 1200 ఇంజినును ఎక్కడి నుంచో తెచ్చి బిగించి, అసలు కారని చూపడం కంటే, పదిహేడేళ్లు నడిచిన కారుకు పెట్టిన ఈ ఇంజినును ఉన్నదున్నట్టు రాయడమే నాకు న్యాయమనిపించింది.

మరునాడు బ్రేకులు విప్పించాం. తొలి డెవన్లలో ముందు చక్రాలకు హైడ్రాలిక్ బ్రేకులు, వెనక చక్రాలకు కడ్డీలతో పనిచేసే మెకానికల్ బ్రేకులు ఉండేవి. ఇందులో వెనక చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకుల ఆయిల్ పైపులే ఉన్నాయి, అంటే వెనక ఇరుసు కూడా వేరే బండిదేమో. చక్రాలు కూడా 16 అంగుళాలవి కావు, అంబాసిడర్‌కు వాడే 15 అంగుళాలవి. పుదుపేటలో పాత సామాను అమ్మే వీధికి ఫొటోలు తీసుకొని వెళ్తే, నెల్లూరు యాసలో మాట్లాడిన ఒక పెద్దాయన వాటిని చాలాసేపు చూసి, “ఇరుసు హౌసింగ్ మీద పోతలో పడిన అచ్చు చదవకుండా ఏ బండిదో చెప్పకూడదు నాయనా” అన్నారు. అరువది ఏళ్ల అనుభవం ఉండి కూడా ఊహతో పేరు చెప్పని ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

రాత్రి మావయ్య, నేను కూర్చుని పట్టిక తయారుచేశాం: భాగం, చూసిన గుర్తు, దాని కాలం, ఆధారం. ఇంజిను వరుసలో ఆధారం గడిలో ఆయనే తాతయ్య పేరు, 1967 అని రాశారు. పెన్సిలు ముద్ర తీసిన కాగితాన్ని ఆర్.సి. పుస్తకం అట్టలో పెట్టారు. వెనక ఇరుసు గడి ఇంకా ఖాళీగానే ఉంది. గ్రీజు గీకి ఆ అచ్చు చదవడానికి సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాను.