దిద్దే చేతి ఓనమాలు

మొదటిసారి ఒకరి డ్రాయింగ్ కాగితం దిద్దమని నాకు వచ్చినప్పుడు నేను చేసిన ఘనకార్యం ఇది: ఒక్క పేజీలో 23 తప్పులు పట్టుకున్నాను. ఫోనులో ఆ ఫొటో మీదే ఎర్ర రంగుతో బాణాలు వేశాను, సున్నాలు చుట్టాను, పక్కన అంకెలు వేసి కింద ఒక్కో అంకెకూ వివరణ రాశాను. గంటన్నర పట్టింది. పంపించాక ఎంత మేలు చేశానో అని భుజాలు చరుచుకున్నాను. అవతలి నుంచి “ధన్యవాదాలండీ” అని ఒక్క మాట వచ్చింది. రెండో కాగితం మాత్రం రానే లేదు.

అప్పటికి నేను డ్రాయింగ్‌లో ప్రాథమిక అభ్యాసాలు పూర్తిచేసి ఏడాది కూడా కాలేదు. నాకు నేర్పిన మాస్టారు, “నువ్వు నడిచివచ్చిన దారే కదా, కొత్తవాళ్ల కాగితాలు కాస్త చూసిపెట్టు” అన్నారు. చూసిపెట్టడానికేముంది, తప్పు కనబడితే తప్పని చెప్పడమే అనుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ లోకువ నా ఎర్ర బాణాల నిండా ఉందని నాకు తట్టలేదు.

కొత్తవాళ్లకు ఇచ్చే అభ్యాసాలు పైకి పిల్లల ఆటలా ఉంటాయి. రెండు చుక్కలు పెట్టి ఒకే గీతతో కలపడం. స్కేలుతో ఒక గీత గీసి, దాని మీదే ఉత్త చేత్తో ఎనిమిదిసార్లు గీయడం. గళ్లలో దీర్ఘవృత్తాలు నింపడం. ఆ తర్వాత పెట్టెలు, మళ్లీ పెట్టెలు, ఇంకా పెట్టెలు. అన్నీ పెన్నుతోనే, రబ్బరు లేకుండా. పెన్సిల్ ఇస్తే చెరిపేస్తారు. చెరిపేశాక దిద్దేవాళ్లకు చూడడానికి ఏమీ మిగలదు.

ఆ మొదటి కాగితాన్ని కొన్ని వారాల తర్వాత మళ్లీ తెరిచాను. ఆ మనిషి ఎందుకు మాయమయ్యారో తెలుసుకుందామని కాదు, నా వివరణల్లో ఒకటి ఇంకొకరికి పనికొస్తుందేమో వెతుక్కుందామని. ఈసారి ఎర్ర సున్నాలను వదిలేసి గీతలను చూశాను. 23లో 14 చోట్ల ఒకటే జబ్బు, వణుకు. ఆరు చోట్ల మరొకటి, గీత విల్లులా ఒకే వైపుకు వంగడం. మిగిలిన మూడూ చివరి చుక్కను కాస్త దాటిపోయిన గీతలు. అసలు చెప్పనక్కర్లేనివి. అంటే నేను పట్టుకున్న తప్పులు రెండే. రెండు తప్పులను 23 చేసి ఒక మనిషి నెత్తిన పోశాను.

గీతను చూస్తే చెయ్యి ఎలా కదిలిందో తెలుస్తుందని మాస్టారు ఎప్పుడూ అనేవారు. వినడమే గానీ ఆ మాటతో పని పడింది అప్పుడే. వణుకు చేతిలో ఉండదు, చూపులో ఉంటుంది. కన్ను పెన్ను మొన వెంటే పరుగెడుతూ అడుగడుగునా దారి సరిచేస్తూ ఉంటే గీత సన్నగా వణుకుతుంది. దానికి మందు, గీసే ముందు పెన్ను కాగితానికి తాకకుండా గాల్లో రెండు మూడుసార్లు ఆ దారిలో చెయ్యి ఆడించి, చూపును చివరి చుక్క మీద నిలిపి ఒక్క ఊపున గీసేయడం. గీత చుక్కను దాటిపోవచ్చు, పక్కకు జారిపోవచ్చు. పోనివ్వాలి. ముందు వణుకు పోతే గురి తర్వాత కుదురుతుంది. రెండూ ఒకేసారి కావాలని అడిగితే రెండూ రావు.

విల్లులా వంగడం వేరు. అది మణికట్టో మోచేయో ఇరుసుగా చెయ్యి తిరుగుతోందనడానికి గుర్తు. ఇరుసు ఎంత దూరంగా ఉంటే వంపు అంత తక్కువ. మణికట్టు నుంచి పెన్ను మొన దాకా జానెడు కూడా ఉండదు కాబట్టి పొడుగు గీత వంగక తప్పదు. చేయి మొత్తం భుజం నుంచి కదిలితే ఆ వంపు చాలావరకు తీరిపోతుంది.

ఒకే గీత మీద ఎనిమిదిసార్లు గీసే అభ్యాసం నాకు అన్నిటికన్నా ఇష్టం, అది మనిషి స్వభావం కూడా చెబుతుంది. మొదలు ఒకే చోట ఉండి, చివరకు వెళ్లేసరికి గీతలు చీపురులా విచ్చుకుంటే చింత లేదు. చెయ్యి ఇంకా దారికి అలవాటు పడలేదు, అంతే. రెండు చివరలా విచ్చుకుంటే మాత్రం పెన్ను ఎక్కడ ఆనించాలో చూసుకోకుండానే గీత మొదలైందన్నమాట. అది నేర్పు లేకపోవడం కాదు, తొందర. మొదటిదానికి నెలల సాధన కావాలి. రెండోదానికి అర సెకను ఆగితే చాలు. ఈ తేడా చెప్పకుండా రెండింటికీ “ఇంకా సాధన చేయండి” అని రాసేవాణ్ణి నేను.

తప్పు తెలిసొచ్చాక రెండో చివరకు వెళ్లిపోయాను. ఎవరి మనసూ నొప్పించకూడదని “బాగుంది, ఇలాగే కొనసాగించండి” అనడం మొదలుపెట్టాను. కాగితాలు బాగానే వచ్చేవి. నాకూ పది నిమిషాల్లో పని అయిపోయేది. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దాయన అప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టారు. మూడు కాగితాలకు మూడు “బాగుంది”లు అందుకున్నాక ఆయన ఇలా రాశారు: “నేను ముప్పై ఏళ్లు లెక్కలు తనిఖీ చేసినవాణ్ణండీ. ఒక్క తప్పూ లేని పద్దును ఏనాడూ నమ్మలేదు. మీరు నా కాగితం చూస్తున్నారా?”

చూడడం లేదు. ఆ మాట ఆయనకు అలాగే ఒప్పుకుని రాయడానికి సిగ్గేసింది. ఆ మూడు కాగితాలూ మళ్లీ తెరిచి వరుసగా పెట్టుకున్నాను. గీతలన్నీ మొదటినుంచీ ఒకే తీరుగా వంగుతున్నాయి. కానీ రెండో కాగితంలో ఐదో వరుసలో ఒక గీత, ఒక్కటే, దారం లాగి పట్టినట్టు తిన్నగా ఉంది. ఆయనకు ఇలా రాశాను: “ఐదో వరుసలో మూడో గీత చూడండి. మిగతావి వదిలేసి, అది గీసినప్పుడు చెయ్యి ఎలా ఉందో గుర్తు చేసుకోండి.” మర్నాడు జవాబు వచ్చింది. ఆ గీత దగ్గర ఎవరో పిలిస్తే లేచి వెళ్లి, తిరిగి వచ్చి, కూర్చోకుండా నిలబడే గీశారట. నిలబడితే మోచేయి బల్లకు ఆనదు కదా, చెయ్యి భుజం నుంచి కదిలి తీరాలి. భుజం సంగతి నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఆయన చెయ్యే ఆయనకు చెప్పింది.

అప్పటినుంచి మెచ్చుకోలుకు చిరునామా ఉండాలని నియమం పెట్టుకున్నాను. ఏ వరుసలో, ఏ గీత అన్నది చెప్పలేకపోతే ఆ పొగడ్త రాయను. తప్పు కూడా ఒక్కటే చెబుతాను, ఏది పోతే దానితోపాటు మరికొన్ని పోతాయో అది. మిగిలినవి కనబడుతూనే ఉంటాయి, చెయ్యి దురద పెడుతుంది. అయినా ఆపుకుంటాను.

చెప్పే ముందు అడగాలని నేర్చుకోవడానికి ఇంకా సమయం పట్టింది. ఒక అబ్బాయికి భుజం నుంచి గీయమని మూడుసార్లు రాశాను. మూడుసార్లూ అలాగే అన్నాడు, గీతలు మాత్రం మారలేదు. చివరికి కాగితం ఎక్కడ పెట్టుకుని గీస్తున్నావని అడిగితే, మంచం మీద పడుకుని పుస్తకం మీద పెట్టుకుని అన్నాడు. పడుకున్నవాడికి భుజం ఎక్కడ కదులుతుంది! ఇంకొకరి గీతలు నాకు తలకిందులుగా అనిపించేవి, మొదలు విచ్చుకుని చివర కలుస్తున్నట్టు. ఆమెది ఎడమచేతి వాటం, గీతలు కుడినుంచి ఎడమకు గీస్తున్నారు. నేను చివర అనుకున్నది ఆమెకు మొదలు. ఒక్క ప్రశ్నతో తేలిపోయే దానికి నేను పేరాలు రాశాను.

అన్నిటికన్నా పరువు తక్కువ సంగతి పెట్టెల దగ్గర జరిగింది. పెట్టెకు 12 అంచులు. నాలుగేసి చొప్పున మూడు జట్లు. ఒక్కో జట్టులోని నాలుగూ నిజంలో సమాంతరం, కాగితం మీద మాత్రం మన నుంచి దూరం వెళ్లేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతూ ఎక్కడో ఒక వానిషింగ్ పాయింట్ వైపు, అంటే అన్నీ కలిసినట్టు కనబడే చుక్క వైపు పోవాలి. ఒక అమ్మాయి పెట్టెల్లో అన్ని జట్లూ పేజీ పై భాగం వైపు అతిగా దగ్గరైపోతున్నాయి. నేను గంభీరంగా ఓ పేరా రాసి పంపాను. ఆమె ఏమీ వాదించలేదు. అదే కాగితానికి ఇంకో ఫొటో తీసి పంపి, “ముందుది కూర్చున్నచోటునుంచే తీశానండీ, ఇది పైనుంచి తీశాను” అని రాసింది. రెండో ఫొటోలో పెట్టెలు చక్కగా ఉన్నాయి. మొదటి ఫొటో మళ్లీ చూస్తే, కాగితం అంచులే పైకి పోయేకొద్దీ దగ్గరవుతున్నాయి. A4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, పైనా అంతే కిందా అంతే. ఫొటోలో పైఅంచు చిన్నదైపోయిందంటే తప్పు కెమెరా నిలిచిన చోటుది. దూరమయ్యేకొద్దీ గీతలు దగ్గరవుతాయని అందరికీ చెప్పేవాణ్ణి, అదే సూత్రం కళ్లెదుట నన్ను బోల్తా కొట్టించింది. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా గీతల కన్నా ముందు కాగితం నాలుగు అంచులూ చూస్తాను. ఫోను మరీ దగ్గరగా పెట్టి తీసినా అంచుల దగ్గర తిన్నని గీతలు వంగినట్టు కనబడతాయి. కాస్త ఎత్తునుంచి, కాగితానికి సమాంతరంగా ఫోను పట్టుకుని తీయమని ముందే చెబుతాను.

దీర్ఘవృత్తాల గురించి ఎక్కువ చెప్పను, అక్కడ జబ్బులు తక్కువ రకాలు. చివరలు కోసుగా వస్తే కన్ను బొమ్మలా ఉంటుంది. పక్కలు చదునైతే మందు మాత్రలా ఉంటుంది. పెన్ను ఎత్తకుండా రెండు చుట్లు తిప్పమంటాను, రెండో చుట్టు మొదటిదాన్ని ఎక్కడ వదిలేసిందో అక్కడ చెయ్యి తడబడిందన్నమాట. స్థూపం, అంటే గుండ్రటి డబ్బా ఆకారం, గీసేటప్పుడు మాత్రం ఒక పరీక్ష ఉంది. స్థూపం నడుమ సాగే గీత, దీర్ఘవృత్తాన్ని పొట్టివైపు రెండు సమభాగాలు చేసే గీత ఒకటే కావాలి. లెక్కల పుస్తకంలో దాన్ని హ్రస్వాక్షం అంటారు. ఇది తప్పితే మూత పక్కకు జారిన డబ్బాలా ఉంటుంది, ఎందుకలా ఉందో మాత్రం గీసినవారికి అంతుబట్టదు.

వృత్తాల ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు జొట్టో కథ తెస్తారు. పోప్ పంపిన మనిషి పనితనానికి నమూనా అడిగితే ఆ ఇటలీ చిత్రకారుడు కుంచెను ఎర్రరంగులో ముంచి, మోచేతిని ఒంటికి ఆనించి, చెయ్యి ఒక్కసారి తిప్పి నిండు వృత్తం గీసి ఇచ్చాడట. “మరి ఆయన మోచెయ్యి ఆనించాడు కదా, మీరు ఆనించొద్దంటారేమిటి?” అని నన్ను నిలదీసినవారున్నారు. జొట్టో చనిపోయింది 1337లో, చిత్రకారుల జీవితకథలు రాసిన వసారి ఈ కథ అచ్చువేసింది 1550లో. రెండు వందల ఏళ్లు దాటాక రాసిన దాంట్లో మోచెయ్యి ఎక్కడుందో నేను పూచీ పడలేనని తప్పించుకుంటాను. నిజానికి ఆ ప్రశ్న నాకు నచ్చుతుంది. చిన్న వృత్తానికి మోచెయ్యి ఆనితే వచ్చే నష్టమేమీ లేదు. భుజం అన్నది పొడుగు గీతల కోసం చెప్పిన మాట, నేనే దాన్ని శాసనం చేసి కూర్చున్నాను.

పెట్టెల దగ్గర నా పని సగానికి తగ్గిన సంగతి చెప్పాలి. పెట్టె గీయడం అయ్యాక దాని అంచులను మన నుంచి దూరం పోయే వైపుకు పొడిగించి గీయమంటాను, ఒక్కో జట్టుకు ఒక్కో రంగు పెన్ను. నాలుగు గీతలూ దగ్గరవుతూ పోతే సరి. వాటిలో ఒకటి విడివడి బయటికి పోతే అది నేను చెప్పక్కర్లేదు, గీసినవారికే కనబడుతుంది. ఎక్కువగా తప్పేది వెనక మూల. కంటికి తొమ్మిది అంచులే కనబడతాయి, మిగిలిన మూడూ పెట్టె లోపలి నుంచి ఊహించి గీయాలి, ముందు గీసిన తప్పులన్నీ వచ్చి ఆ మూలలో కలుస్తాయి. అక్కడ గీతలు ఒక చోట కలవకపోతే ఆ మూలను సరిచేయడానికి అవస్థ పడతారు. అసలు దోషం ఎక్కడో ముందే జరిగి ఉంటుంది. పొడిగించిన గీతలు దాన్ని పట్టిస్తాయి.

మళ్లీ గీయమని అడగడం ఇప్పటికీ నాకు ఇబ్బందే. పేజీ మొత్తం మళ్లీ గీయమంటే కొందరికి శిక్షలా తోస్తుంది. ఇప్పుడు అర పేజీ అడుగుతాను, ఒక్క విషయం కోసం. గీతలు తిన్నగా వచ్చేదాకా ఆపి ఉంచను. అలా ఆపితే ఎవరూ ముందుకు పోరు, నేను కూడా పోయేవాణ్ణి కాను. ఏం చేయాలో అర్థమైందని కాగితంలో కనబడితే చాలు, మిగతాది రోజూ పది నిమిషాల్లో చేతికి వస్తుంది.

పెద్దాయన పెట్టెల దాకా వచ్చారు. ఒకరోజు ఆయన కాగితంలో వెనక మూల ఎందుకు కలవడం లేదో మాటల్లో చెప్పలేక, ఒక పెట్టె నేనే గీసి ఇలా ఉండాలి అని పంపాను. సాయంత్రం నా పెట్టే తిరిగి వచ్చింది. 12 అంచులూ మూడు రంగుల్లో పొడిగించి ఉన్నాయి. పచ్చరంగు జట్టులో ఒక గీత మిగిలిన మూడింటినీ వదిలేసి తన దారిన తాను బయటికి పోయింది. దాని చుట్టూ చిన్న సున్నా, పక్కన పద్దుల పుస్తకంలో వేసినట్టు ఓ టిక్కు, కింద ఒకే వాక్యం: “ఇది ఒకసారి చూసుకుంటారా?”

ఒక్కటే తప్పు, అది ఎక్కడుందో చిరునామాతో సహా. ఆ పెట్టె మళ్లీ గీసి, ఈసారి నేనే పొడిగించి చూసుకుని పంపాను.