విజిటర్ బుక్‌లో ఒక గడి

షిప్‌ని రేవులో కట్టిన అరగంటకల్లా గ్యాంగ్‌వే మీద, అంటే షిప్ ఎక్కే మెట్ల మీద, రద్దీ మొదలవుతుంది. పేపర్ల కోసం ఏజెంట్, కార్గో చూడటానికి సర్వేయర్, తప్పులు పట్టడానికి పోర్ట్ స్టేట్ ఇన్‌స్పెక్టర్, సంతకం కోసం స్టోర్స్ తెచ్చినాయన. అందరికీ షిప్‌తో పని. వాళ్లు దిగిపోతుండగా ఒక్కోసారి ఇంకో మనిషి ఎక్కుతారు. నెత్తిన హెల్మెట్, ఒంటిమీద రిఫ్లెక్టర్ జాకెట్, భుజాన సంచి. విజిటర్ బుక్‌లో 'ఎవరిని కలవాలి' అన్న గడిలో ఏజెంట్లు 'కెప్టెన్' అని రాస్తారు. ఈయన 'క్రూ' అని రాస్తారు.

పన్నెండేళ్లుగా ఇంజన్ రూముల్లో పనిచేస్తున్నాను. ఆ గడిలో ఆ మాట ఇంకెవరూ రాయగా చూడలేదు.

ఆయన్ని చాప్లెయిన్ అంటారు, ఓడవాళ్ల మంచిచెడ్డలు చూసే చర్చి మనిషి. మేం మాత్రం ఏ చర్చి తరఫున వచ్చినా ఫాదర్ అనే పిలుస్తాం. సంచిలో సిమ్ కార్డులు, ఎవరో అల్లి పంపిన ఉన్ని టోపీలు, నాలుగైదు భాషల్లో బైబిళ్లు ఉంటాయి. బైబిల్ అడిగితేనే తీస్తారు, టోపీ అడక్కుండానే ఇస్తారు. మెస్ రూమ్‌లో కూర్చుని, "ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు?" అని అడుగుతారు.

షిప్ మీద ఆ ప్రశ్నకి నిజం చెప్పుకోవడానికి మనిషి దొరకడు. ఉండేది ఇరవై మంది. అందులో ప్రతివాడూ నాకు పైవాడో కిందివాడో అవుతాడు. కాంట్రాక్ట్ ముగిసి సైన్ ఆఫ్ అయ్యేటప్పుడు నా రిపోర్ట్ రాసేది పైవాడే. 'మనిషి డల్‌గా ఉన్నాడు' అని ఒక్క ముక్క రాస్తే తర్వాతి కాంట్రాక్ట్ ఏమవుతుందోనని టెన్షన్. కిందివాడికి చెబితే రేపు నా మాట వింటాడో లేదోనని ఇంకో భయం. అందుకే ఎవరడిగినా "ఆల్ ఓకే" అంటాం. చాప్లెయిన్ ఈ నిచ్చెనలో ఏ మెట్టు మీదా లేరు. విన్నది కెప్టెన్‌కి చెప్పరు, కంపెనీకి రాయరు.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది మా ఆయిలర్ విషయంలో, అంటే ఇంజన్ రూమ్‌లో నా కింద పనిచేసేవాడి విషయంలో. పాతికేళ్ల కుర్రాడు. నాతోపాటు పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్ డ్యూటీ. మా ఇద్దరిదీ ఒకటే భాష. అయినా నన్ను 'తీన్ సాబ్' అనే పిలిచేవాడు. మనవాళ్లుండే షిప్పుల్లో థర్డ్ ఇంజనీర్‌ని అలాగే అంటారు. అట్లాంటిక్ మధ్యలో ఉండగా వాళ్ల నాన్న పోయారని కబురొచ్చింది. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌కి ఇంకా తొమ్మిది రోజులు. కెప్టెన్ శాటిలైట్ ఫోన్ వాడి చేతికిచ్చి, మాట్లాడుకోమని తను బయట నిలబడ్డారు. మంచాయన. ఆ రాత్రి పన్నెండింటికి వాడు మామూలుగానే వాచ్‌కి దిగాడు.

"పోయి పడుకోరా, నేను చూసుకుంటాను" అన్నాను.

"పర్లేదు సాబ్, ఖాళీగా ఉంటే ఇంకా కష్టం" అన్నాడు.

తొమ్మిది రోజులూ ఆయిల్ శుభ్రంచేసే ప్యూరిఫయర్ మెషీన్లు తుడుస్తూనే ఉన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వాడి ఓవర్‌టైమ్ షీట్ మీద సంతకం పెట్టేది నేను. నా ముందు ఎలా ఏడుస్తాడు?

ఆంట్‌వెర్ప్‌లో చాప్లెయిన్ వచ్చారు. అరవై దాటిన మనిషి, గ్యాంగ్‌వే ఎక్కేసరికి రొప్పుతున్నారు. పక్కకి పిలిచి సంగతి చెప్పాను. ఇంగ్లీషు అంతగా రాదని వాడు నన్ను కూడా కేబిన్‌లో ఉండమన్నాడు. ఆయన హెల్మెట్ తీసి నేలమీద పెట్టి, "ప్రార్థన చేయమంటావా, ఊరికే కూర్చోమంటావా?" అని అడిగారు. వాడు క్రైస్తవుడు కాదు. "కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నారు. ఏసీ గాలి చప్పుడు, అడుగున జనరేటర్ హోరు, అంతే. పది నిమిషాలు అయ్యుంటుంది. ఏదో ఒకటి మాట్లాడి ఆ మౌనాన్ని తెంచేద్దామని నాకు రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అప్పుడాయన "నాన్నగారి పేరేంటి?" అని అడిగారు. వాడు చెప్పాడు. ఆయనకి నోరు తిరగలేదు. మళ్లీ చెప్పించుకున్నారు. మూడోసారికి సరిగ్గా పలికారు. ఎవరో పరాయి దేశపు పెద్దాయన నోట వాళ్ల నాన్న పేరు వినేసరికి వాడు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. తొమ్మిది రోజులు దాచుకున్న ఏడుపది.

కేబిన్‌లో మంట వెలిగించకూడదు. షిప్పులు తెలిసిన మనిషి గనక ఆయన సంచిలోంచి బ్యాటరీతో వెలిగే చిన్న కొవ్వొత్తి తీసి, స్విచ్ వేసి టేబుల్ మీద పెట్టారు. షిప్ ఊగినప్పుడు పడిపోకుండా నేను దాని అడుగున టేప్ అంటించాను. వెళ్లేముందు, "తర్వాతి పోర్టులో మావాళ్లకి నీ గురించి చెప్పనా? వద్దంటే చెప్పను" అన్నారు. వాడు సరేనన్నాడు.

'మావాళ్లు' అన్న మాటకి పెద్ద చరిత్రే ఉంది. 1835లో జాన్ ఆష్లీ అనే ఆంగ్లికన్ పాస్టర్, ఇంగ్లండ్ దగ్గర బ్రిస్టల్ ఛానెల్‌లో లంగరేసి ఆగిన ఓడల్లోని మనుషుల్ని ఎవరూ పట్టించుకోవడం లేదని తెలిసి, తనే పడవలో వాళ్ల దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టారు. ఆ పని పెరిగి 1856లో సంస్థ అయింది. ఇప్పుడు దాన్ని మిషన్ టు సీఫేరర్స్ అంటున్నారు. కేథలిక్కుల స్టెల్లా మారిస్ 1920లో గ్లాస్గోలో పుట్టింది. వేర్వేరు చర్చిల వాళ్లు నడిపే ఇలాంటి సంస్థలన్నీ కలిసి పనిచేయడానికి 1969లో ఐసీఎంఏ అనే సంఘం ఏర్పడింది. ఒడ్డున చర్చిల మధ్య ఉండే తేడాలు గ్యాంగ్‌వే దగ్గర నాకెప్పుడూ కనపడలేదు.

ఓదార్పు ఒక్కటే వీళ్ల పని అనుకుంటే పొరపాటు. అంతకుముందు ఇంకో షిప్‌లో మూడు నెలలు జీతాలు రాలేదు. అడిగితే బ్లాక్‌లిస్ట్‌లో పెడతారని అందరం నోరు మూసుకున్నాం. మంచినీళ్ల కేసులు మోసుకొచ్చిన చాప్లెయిన్ మా కేబిన్ల నడవాలో గోడకి వేలాడుతున్న ఒక సర్టిఫికెట్ దగ్గర ఆగి, దాన్ని మాతో చదివించారు. 2017 జనవరి 18 నుంచి అమల్లో ఉన్న మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ (ఓడ సిబ్బంది హక్కుల అంతర్జాతీయ ఒప్పందం) సవరణ ప్రకారం, రెండు నెలలు జీతం ఇవ్వకపోతే సిబ్బందిని వదిలేసినట్టే లెక్క. అప్పుడు నాలుగు నెలల దాకా బకాయి జీతం, ఇంటికి పంపే ఖర్చు ఆ సర్టిఫికెట్ ఇచ్చిన ఇన్సూరెన్స్ వాళ్లు భరించాలి. రోజూ దాని ముందు నుంచే నడుస్తున్నాం, ఒక్కడూ చదవలేదు. రవాణా కార్మికుల అంతర్జాతీయ సంఘం ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టర్‌కి ఆయనే ఫోన్ కలిపారు. ఆత్మీయ పరిచర్య అంటే ఏంటని ఎవరైనా అడిగితే నాకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

2004లో పోర్టు సెక్యూరిటీ నిబంధనలు వచ్చాక ఒడ్డుకి వెళ్లడం మరీ కష్టమైందని పాతవాళ్లు చెబుతారు. కంటైనర్ షిప్పులైతే కొన్ని గంటల్లోనే కదిలిపోతాయి. అందుకే హాంబర్గ్‌లో డుక్‌డాల్బెన్ అంటే మాకంత ఇష్టం. 1986 నుంచి నడుస్తున్న సీమెన్స్ క్లబ్ అది. వాళ్ల వ్యాన్ షిప్ దగ్గరికే వచ్చి తీసుకెళ్తుంది. లోపల ఒక ప్రార్థన గది ఉంది. అందులో ఒక్కో మతానికి ఒక్కో మూల. నేను క్రైస్తవుణ్నే గానీ, షిప్ ఎక్కాక నెలల తరబడి నాకు ఆదివారం అనేదే ఉండదు. ఆ గదిలో కూర్చుని 107వ కీర్తన చదువుకున్నాను. తుపానులో ఓడవాళ్లు తాగినవాళ్లలా తూలి, ఎటూ తోచక, దేవుడికి మొరపెట్టుకోవడం అందులో ఉంటుంది. బిస్కే అఖాతంలో రెండు రాత్రులు అలా తూలి వచ్చినవాణ్ని. అది ఎవరో ఇంజన్ రూమ్‌లో నిలబడి రాసినట్టే అనిపించింది.

2020లో కోవిడ్ వచ్చి సుమారు 4 లక్షల మంది కాంట్రాక్ట్ అయిపోయినా షిప్పుల మీదే చిక్కుకుపోయారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. చాప్లెయిన్లని పైకి రానివ్వలేదు. ఒక పోర్టులో ఆయన వానలో గ్యాంగ్‌వే కిందే నిలబడి, పైనున్న మాతో ఫోన్లో మాట్లాడారు. కనిపిస్తున్న మనిషితో ఫోన్లో మాట్లాడటం విచిత్రంగా ఉంది. అయినా వంతులేసుకుని మరీ మాట్లాడాం.

ఆంట్‌వెర్ప్ నుంచి పదహారు రోజులకి హ్యూస్టన్ చేరాం. గ్యాంగ్‌వే డ్యూటీలో ఉన్న డెక్ నావికుడు ఇంజన్ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు.

"సాబ్, ఒకావిడ వచ్చారు. చాప్లెయినట. మన ఆయిలర్ కోసం అడుగుతున్నారు."

వాడు చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కేశాడు. వాచ్ అప్పజెప్పి నేను పైకెళ్లేసరికి ఇద్దరూ మెస్ రూమ్‌లో కూర్చుని ఉన్నారు. గ్యాంగ్‌వే దగ్గర విజిటర్ బుక్ తెరిచే ఉంది. ఆ గడిలో ఈసారి 'క్రూ' అని లేదు. ఒక్క అక్షరం తప్పుతో వాడి పేరు రాసి ఉంది.