లంబసింగి దారిలో మామయ్య మైలేజీ పాఠం

ఆంధ్రా వైపు వెళ్లే బండి కోదాడలో ఒకసారి బంకులోకి తిరగడం మామూలే. సరిహద్దు దాటితే పెట్రోలు లీటరు మీద రూపాయో రెండో ఎక్కువ. డిసెంబరులో లంబసింగి వెళ్తూ నేనూ తిరిగాను. ట్యాంక్ ఫుల్ చేయమన్నాను. 15.8 లీటర్ల దగ్గర గన్ను టక్కున ఆగింది. కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేసేస్తా సార్" అంటూ మళ్లీ నొక్కబోయాడు.

నేను నోరు తెరిచేలోపే పక్క సీట్లోంచి మామయ్య అరిచారు. "ఏయ్, ఆపు! కటాఫ్ అయినంక చుక్క గూడ పొయ్యకు!"

కుర్రాడు బిత్తరపోయి గన్ను తీసేశాడు. నాకూ కొంచెం సిగ్గనిపించింది కానీ ఆయన చెప్పింది నిజమే. ఒక్కో బంకులో ఒక్కోలా నింపితే మైలేజీ లెక్క అక్కడే తప్పుతుంది. పైగా ట్యాంకులోంచి వచ్చే పెట్రోలు ఆవిరిని పట్టుకోవడానికి కార్లలో ఒక బొగ్గు డబ్బా ఉంటుంది. మెడదాకా నింపితే దాంట్లోకి పెట్రోలే వెళ్లి అది పాడవుతుంది.

మామయ్య 31 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవర్. ఆ పొద్దున సూర్యాపేటలో నా బండి ఎక్కారు. లంబసింగి మంచు చూడాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. నాకేమో కొత్త టైర్లు వేసిన థార్‌ని కాస్త బురదలో దింపాలని ఉంది. "నాన్నని కూడా తీసుకుపో, ఇంట్లో ఊరికే కూర్చుంటున్నాడు" అని మా ఆవిడ ఇద్దరినీ కలిపింది.

"లెక్క జెప్పు" అన్నారు. హయత్‌నగర్‌లో ఫుల్ చేసి ట్రిప్ మీటర్ సున్నా కొట్టాను. కోదాడకి 156 కిలోమీటర్లు. భాగిస్తే 9.9.

"పది గూడ లేదు" అన్నారు మామయ్య. తిట్టినట్టు కాదు, డిపోలో గుమాస్తా చదివినట్టు.

ఆర్టీసీ డ్రైవర్ల ఇళ్లలో పెరిగినవాళ్లకి కేఎంపీఎల్ అనే మాట అమ్మానాన్న అన్నంత మామూలు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్నది డిపోలో డ్రైవర్‌వారీగా లెక్క కడతారు. బాగా తెచ్చినవాళ్లకి సన్మానాలు కూడా ఉంటాయి. మామయ్య ఇంట్లో షోకేసులో అలాంటి షీల్డులు రెండున్నాయి. అదే బస్సు, అదే రూటు, అదే డీజిలు, అయినా ఒకడికి ఐదున్నర వస్తే ఇంకొకడికి ఐదు కూడా రాదంటారు ఆయన. "బండి తాగదు అల్లుడూ, కాలు తాగుతది."

నేను ఊరుకోలేదు. ఇది రెండు లీటర్ల టర్బో పెట్రోలు, 150 హార్స్ పవర్, బరువు పావు తక్కువ రెండు టన్నులు, ముందు చూస్తే బీరువా నిలబెట్టినట్టు ఉంటుంది, పది వచ్చినా గొప్పే అని వాదించాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "మరి ఎంతల వస్తివి?"

110లో వచ్చాను. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు పరిమితి 100 అని తెలుసు. చీకట్లో బయల్దేరాను, రోడ్డు ఖాళీగా ఉంది, కాలు దానంతటదే కిందికి పోయింది. పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్లు దాటిన ప్రతిసారీ మళ్లీ 110 అందుకోవడానికి గట్టిగా తొక్కాను. టర్బో బండిలో ఆ తొక్కుడే ఒక సరదా. వీపు సీటుకి అతుక్కుంటుంది. ఆ సరదాకి ఖర్చు ఎక్కడవుతుందో నాకు తెలియక కాదు. మెల్లగా తొక్కినంతసేపు టర్బో ఇంజను మామూలు చిన్న ఇంజనే. గట్టిగా తొక్కితే టర్బో గాలిని కుక్కుతుంది. గాలి ఎంత ఎక్కువ పోతే పెట్రోలూ అంత ఎక్కువ పోయాలి. ఆ పైన ఇంజను వేడెక్కకుండా, నాక్ కొట్టకుండా, అంటే లోపల పెట్రోలు దానంతటదే పేలకుండా, కాపాడుకోవడానికి కొన్నిసార్లు కంప్యూటరే ఇంకాస్త అదనంగా పోయిస్తుంది. రెండు లీటర్ల ఇంజను మూడు లీటర్ల దానిలా లాగుతోందంటే మూడు లీటర్ల దానిలాగే తాగుతోందని అర్థం.

కోదాడలో బంకు దాటగానే మామయ్య షరతు పెట్టారు. తుని దాకా 85. ఓవర్‌టేక్ చేయొచ్చు కానీ వెనక బండి హారన్ కొట్టిందని రోషం తెచ్చుకోకూడదు.

మొదటి గంట నిజంగా నరకం. నందిగామ దాటేదాకా చిన్న చిన్న హ్యాచ్‌బ్యాకులు కూడా నన్ను దాటుకుంటూ పోయాయి. అన్నింటికంటే అవమానం, అరటి గెలలు వేసుకున్న బొలెరో పికప్ ఒకటి దాటింది. దాంట్లో కుర్రాడు థార్‌ని ఓవర్‌టేక్ చేశానని వెనక్కి తిరిగి చూసి మరీ నవ్వాడు. మామయ్య కళ్లు మూసుకుని ఉన్నారు. పడుకున్నారనుకుని మెల్లగా 95కి తెచ్చాను. "గాలి సప్పుడు మారింది" అన్నారు కళ్లు తెరవకుండానే.

నిజమే. 85 దగ్గర కిటికీ అంచుల్లో సన్నగా ఈల వస్తుంది. 95 దాటితే అది హోరు అవుతుంది. ఆ హోరుకి కూడా పెట్రోలు ఖర్చవుతోంది. గాలి అడ్డుకునే బలం వేగానికి తగ్గట్టు కాదు, వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 85లో తోసుకుపోయే గాలితో పోలిస్తే 110లో అది మూడింట రెండు వంతులు ఎక్కువ. నున్నగా వంగిన సెడాన్ దాన్ని కొంత తప్పించుకుంటుంది. నిటారు అద్దం, చదును బానెట్, బయటికి పొడుచుకొచ్చిన మడ్‌గార్డులు, వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ ఉన్న బండి ఎలా తప్పించుకుంటుంది? గాలికి ఎదురు గొడుగు పట్టుకుని పరిగెత్తడమే.

విజయవాడ దాటాక మామయ్యకి ఇంకో అనుమానం వచ్చింది. "టైర్లు మార్చినవ్ గద, మీటర్ సరిగ్గ జెప్తున్నదా?" నేను నిజంగా ఆలోచించని విషయం అది. కంపెనీ ఇచ్చింది 255/65 ఆర్ 18. నేను వేయించింది 255/70, మట్టిబాటకీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్. అంటే పక్కగోడ ఇంకాస్త ఎత్తు. చక్రం మూడు శాతం పెద్దదైంది. అంటే ఒక్క చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది, మీటర్‌కి మాత్రం పాత చక్రమే గుర్తు. హనుమాన్ జంక్షన్ తర్వాత ఇద్దరం కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. పసుపు తల ఉన్న రాయి రాగానే రెండో ట్రిప్ మీటర్, ట్రిప్ బి, సున్నా చేశాను. మధ్యలో చాలా రాళ్లు కనిపించలేదు. కొన్ని చోట్ల పొదలు కప్పేశాయి, కొన్ని చోట్ల పోస్టర్లు. ఏలూరు బైపాస్ మీద ఒక రాయి కోసం మామయ్య తల బయటపెట్టి మరీ చూశారు. చివరికి యాభై రాళ్ల దూరానికి మా మీటర్ 48.5 చూపించింది. వందకి మూడు కిలోమీటర్లు మింగుతోందన్నమాట. కోదాడ లెక్క సరిచేస్తే 9.9 కాస్తా 10.2 అయింది. ఆ పాయింట్ మూడు కోసం నేను ఎంత సంబరపడ్డానో చెప్పుకుంటే బాగోదు.

అయితే పెద్ద టైర్లు ఊరికే రావు. బరువెక్కువ, గళ్లెక్కువ, రోడ్డుని పట్టుకుని దొర్లడానికి బలం ఎక్కువ కావాలి. మీటర్ దాచిన మూడు శాతం కంటే టైరు తినేదే ఎక్కువని నా అనుమానం. అందం కోసం వేయించుకున్నాను, ఒప్పుకుంటాను.

సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి, రావులపాలెం దాటగానే గౌతమి. రెండు వంతెనల మీదా మామయ్య చేతులు జోడించారు. మధ్యలో పూతరేకులు కొన్నాం. అన్నవరంలో ఆకులో కట్టిన ప్రసాదం, వేడిగా, నెయ్యి వేళ్లకి అంటుకుంటూ. స్టీరింగ్ పట్టుకునే చేత్తో తిన్నానని మామయ్య విసుక్కున్నారు.

తునిలో ఫుల్ చేయిస్తే 26.4 లీటర్లు పట్టింది. మీటర్ మీద 341, సరిచేస్తే 351 కిలోమీటర్లకి పైనే. 13.3.

అదే బండి, అదే టైర్లు, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు, అదనంగా ఒక మనిషి, ఒక పెట్టె. దారి ఇంకాస్త చదునుగా ఉన్న మాట నిజమే, ట్రాఫిక్ మాత్రం ఎక్కువే. వంద కిలోమీటర్లకి రెండు లీటర్లకి పైగా మిగిలింది, సుమారు 250 రూపాయలు. ఆలస్యం ఎంతయిందని లెక్కేస్తే మొత్తం మీద గంట కూడా లేదు, అందులో సగం రాళ్ల వెతుకులాటే. మామయ్య ఏమీ అనలేదు. మీసం మాత్రం ఒకసారి సవరించుకున్నారు.

నర్సీపట్నం నుంచి లంబసింగి 30 కిలోమీటర్ల చిల్లర. డౌనూరు దాటాక ఘాట్. ఎక్కుతుంటే డిస్‌ప్లే మీద అప్పటికప్పుడు చూపించే మైలేజీ ఐదు, నాలుగు, ఒక మలుపులో మూడు. దాన్ని చూస్తూ నడిపితే బీపీ పెరుగుతుంది. అందుకే ఆఫ్ చేశాను. ఈ కొండలెక్కడానికే కదా టర్బో. రెండో గేరులో కిందినుంచే లాగుతూ పోతుంటే మామయ్య కూడా మొదటిసారి "మంచిగ గుంజుతున్నది" అన్నారు.

తెల్లారి నాలుగున్నరకి చెరువులవేనం వైపు బయల్దేరాం. కింద లోయంతా మబ్బు, పాల మీద మీగడ కట్టినట్టు. మామయ్య మఫ్లర్ చుట్టుకుని అరగంట మాట్లాడకుండా నిలబడ్డారు. తర్వాత చింతపల్లి వైపు వెళ్లాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయింది ఈ ఊళ్లోనే. ఆ దారిలో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద ఎర్రబడిన కాఫీ పళ్లు. ఒక కాఫీ తోట పక్క మట్టిబాటలో నా కోరిక కూడా తీరింది. టైర్లలో గాలి 20కి తగ్గించి, నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా తిరిగే ఫోర్ లోలో పెట్టి, మోకాలి లోతు గోతుల్లో గంటన్నర తిరిగాను. అప్పుడు కిలోమీటర్లు కదలవు, పెట్రోలు మాత్రం కదులుతుంది.

తప్పు ఎక్కడ చేశానంటే, గాలి తిరిగి కొట్టించడం మర్చిపోయాను. గాలి కొట్టే పంపు ఇంట్లోనే ఉండిపోయింది. ఘాట్ దిగుతుంటే స్టీరింగ్ కొంచెం బరువుగా ఉంది, నేను చలికి అనుకున్నాను. నర్సీపట్నం దగ్గర మామయ్య చెవి రిక్కించారు. "టైరు మూలుగుతున్నది. పక్కకి ఆపు." దిగి చెయ్యి పెడితే టైరు పక్కగోడ కాలుతోంది. అంత తక్కువ గాలితో తార్రోడ్డు మీద ఇంకాస్త వేగంగా పోయుంటే మైలేజీ సంగతి అటుంచి, టైరే మిగిలేది కాదు. పంక్చర్ షాపులో డోర్ దగ్గరి స్టిక్కర్ చూసి అంత కొట్టించాం.

దిగేటప్పుడు నేను ఒకచోట న్యూట్రల్ కొట్టబోయాను, పెట్రోలు కలిసొస్తుందని. మామయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "ఘాట్‌ల న్యూట్రల్ కొట్టెటోడు డ్రైవరే కాదు." ఆయన బ్రేకుల కోసం అన్నారు. కానీ పెట్రోలు లెక్కలో కూడా ఆయనే కరెక్టు. ఇప్పటి బండిలో గేరులో ఉంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, కంప్యూటర్ పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఎంతో కొంత పోస్తూనే ఉండాలి.

తునిలో మళ్లీ ఫుల్. సరిచేసిన 181 కిలోమీటర్లకి 22.4 లీటర్లు, 8.1. ఇది మామయ్య లెక్కలో రాసుకోలేదు. "అది నీ సరదా ఖాతా" అన్నారు.

తిరుగు ప్రయాణంలో మధ్యలో పెట్రోలు పోయించలేదు. 57 లీటర్ల ట్యాంకు, మెల్లగా పోతే హాయిగా సరిపోతుంది. మామయ్యని సూర్యాపేటలో దింపి, టీ తాగి, రాత్రికి హయత్‌నగర్‌లో అదే బంకులో, అదే పంపు దగ్గర ఆపాను. 41.3 లీటర్లు. సరిచేస్తే 12.4. ఇంటికి చేరి ఫోన్ చేసి చెప్పాను.

"పొయ్యేటప్పుడు పదమూడు దాటింది గద?"

"హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల ఎత్తు మామయ్యా. వచ్చేటప్పుడు ఎక్కుడే కదా."

"ఆహా. మరి మొదాల్ హయత్‌నగర్ నుంచి దిగుడేనాయె, అప్పుడు పది ఎట్లొచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు.

"అల్లుడూ, నన్ను సూర్యాపేటల దింపినంక ఎంతల పోయినవ్?"