‘మా’ పాపాలు: మిలటరీ నుంచి అనువాదం బల్ల దాకా

క్రైస్తవ అనువాదాల పనికి నాకు పరీక్ష పెట్టిన గదిలోంచి నిన్న సాయంత్రం బయటికొచ్చాను. చెవులింకా వేడిగానే ఉన్నాయి. నాలుగు రోజులాగి రాస్తే జరిగినదానికి ఇస్త్రీ చేసి మరీ రాస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

28 ఏళ్లు సైన్యంలో చేసి నాయబ్ సుబేదారుగా, అంటే జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్యనుండే జేసీవోగా దిగాను. డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితాలు, మాజీ సైనికుల కార్డు చకచకా అయిపోయాయి. చుట్టాలు మాత్రం నన్ను బ్యాంకు గేటు దగ్గర తుపాకీతో నిలబెట్టాలని తెగ ముచ్చటపడ్డారు. నాకది ఇష్టం లేదు. నాకున్న ఆస్తి భాష అనుకున్నాను. హిందీ, ఇంగ్లీషు, నేపాలీ మాట్లాడతాను. పంజాబీ అర్థమవుతుంది. సైన్యంలో పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ అని జేసీవో హోదాలో మతబోధకులుంటారు. కానీ పట్టుమని పదిమంది క్రైస్తవులు లేని యూనిట్‌కి పాద్రీ ఎక్కడినుంచి వస్తాడు? ఆదివారాలు సర్వధర్మ స్థలంలో హిందీ బైబిలు పట్టుకుని మన కుర్రాళ్లకు తెలుగులో చెప్పింది నేనే. ఒక్కడు కూడా అర్థం కాలేదనలేదు. (జేసీవో చెబుతుంటే అర్థం కాలేదనే జవాను ఎవడుంటాడు అన్నది నిన్న రాత్రే తట్టింది.)

ఇంకో ధైర్యం కూడా ఉండేది. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ సువార్తలను తెలుగు చేయడానికి పూనుకుంటే, వాళ్లకు భాషలో తోడు నిలిచినవాడు ఆనందరాయరు. అంతకుముందు ఆయన టిప్పు సుల్తాను సైన్యంలో ఒక పటాలానికి లెక్కలు రాసిన మనిషి. అంటే తెలుగు బైబిలు పనిలో తొలినాటి చేతుల్లో ఒకటి పటాలం చెయ్యే. ఈ ముక్క దరఖాస్తులో కూడా రాశాను. ఎవరూ పట్టించుకోలేదు.

మా చర్చి పాస్టరు అయ్యగారి సిఫారసు ఉత్తరం ఒక్కపూటలో వచ్చింది. బాప్తిస్మం పత్రం మర్నాడు. ఆ తర్వాత అనువాద విభాగం ఆఫీసు. పేరు రాయను. దరఖాస్తులో ‘రక్షణ పొందిన సంవత్సరం’ అని, అంటే క్రీస్తును నమ్ముకున్న ఏడు రాయమని, ఒక గడి ఉంది. సరదాకి గుమాస్తాగారితో, ‘రక్షణ పొందిన ఏడు వేరు, రక్షణ శాఖలో చేరిన ఏడు వేరండీ, ఏది రాయమంటారు?’ అన్నాను. ఆయన నవ్వలేదు. అనువాదంలో అనుభవం ఉన్నట్టు పత్రం తెమ్మన్నాడు. ఆదివారాలు వాక్యం తెలుగులో చెప్పాడని ఏ కమాండింగ్ ఆఫీసరు సంతకం పెట్టి ఇస్తాడు? నాలుగు నెలలు నా ఫైలు ఆయన బల్ల మీదే పడి ఉంది. ఈ పనికి వెళ్లేవాళ్లు ఫోను మాత్రం చేయకండి. ‘చూస్తాం బ్రదర్’ అంటారు. ఆ మాటకు నాకొచ్చిన ఏ భాషలోనూ అర్థం లేదు. వెళ్లి ఎదురుగా నిలబడండి. సెంట్రీ డ్యూటీ చేసినవాడికి నిలబడటం కొత్తా?

జీతం లేదని ముందే చెప్పారు. బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులతో ‘మీ జీతములతో తృప్తిపొందియుండుడి’ అన్నాడు. పింఛను ఊసెత్తలేదు గానీ, నేనే సర్దుకున్నాను.

చివరికి పరీక్షకని రెండు పేజీల ఇంగ్లీషు పాఠం ఇచ్చారు. ఒక్క రాత్రిలో తెలుగు చేసి పంపాను. ఇంగ్లీషు బాగా వచ్చిన పెద్దాయనెవరో మూలం పక్కన పెట్టుకుని దిద్దుతాడనుకున్నాను. అది తర్వాతి మెట్టట. ముందు మూలం చూడని మామూలు మనుషుల్ని కూర్చోబెట్టి, మనం రాసిన తెలుగు చదివి వినిపించి, ‘ఏం అర్థమైంది?’ అని అడుగుతారు. ఇంకొకాయన, ఆయనా మూలం చూడనివాడే, ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పుతాడు. తిప్పింది మూలం పక్కన పెడితే ఎక్కడ దారి తప్పామో బయటపడుతుంది. అంతసేపూ రాసినవాడు అక్కడే కూర్చోవాలి, నోరు మాత్రం విప్పకూడదు.

చదివిన అమ్మాయికి నా కూతురి వయసుంటుంది. వినేవాళ్లు నలుగురు: ఒక ముసలమ్మ, కుట్టుపని చేసే ఆవిడ, రిటైరైన లైన్‌మన్ ఒకాయన, కాలేజీ కుర్రాడు.

‘పిల్లలకు చిన్ననాటి నుంచే ఇంట్లో శిక్ష ఇవ్వడం తల్లిదండ్రుల బాధ్యత’ అని చదివింది. ఏం అర్థమైందని అడిగితే ముసలమ్మ, ‘కొట్టమంటున్నాడమ్మా’ అంది.

హిందీలో శిక్ష అంటే చదువు. చెబుదామని నోరు తెరిచి మూసుకున్నాను.

‘దేవుడు ప్రతి ఒక్కరికీ ఒక అవసరం ఇస్తాడు.’ లైన్‌మన్ గారు వేళ్లు లెక్కపెట్టుకుని, ‘ఒకటేనా? నాకు చాలా ఇచ్చాడే!’ అన్నారు. అదీ హిందీయే. నేను రాయాల్సింది అవకాశం.

ఇవి చిన్న గాయాలు. అసలు దెబ్బ రెండో పేజీలో తగిలింది. ‘మా పాపాలే మమ్మల్ని దేవునికి దూరం చేశాయి.’

‘ఎవరి పాపాలు?’ అని అడిగింది.

‘బోధ చేసే ఆయనవి. ఆయన తాలూకు వాళ్లవి’ అంది కుట్టుపని ఆవిడ.

‘మరి మీవి?’

‘మా గురించి ఏమీ అనలేదుగా!’

కాలేజీ కుర్రాడు పకపకా నవ్వాడు. నేను లేచి నిలబడ్డాను. ప్రార్థనలో ‘మా పాపములు’ అనే కదా అంటాం అని గట్టిగానే అన్నాను. ఆ అమ్మాయి తలెత్తి, ‘అంకుల్, మీరు మాట్లాడకూడదు’ అంది. కూర్చున్నాను. నా ఒక్క మాటకు ముప్పైమంది బూట్లు టపటపలాడిన రోజులున్నాయి. నిన్న ఒక ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అందరూ వెళ్లాక నెమ్మదిగా చెప్పింది. ప్రార్థన వినేది దేవుడు, ఆయన పాపుల లెక్కలో లేడు కనక ‘మా’. బోధ వినేవాళ్లూ పాపులే కనక ‘మన’. ఇంగ్లీషుకు ఆ తేడా లేదు, హిందీకీ లేదు. ఇది నాకు తెలియదా? బడికెళ్లని పిల్లాడికి కూడా తెలుసు. తెలిసీ ఎలా రాశాను? 28 ఏళ్లు ‘హమ్’ అని, ‘హమారా’ అని బతికితే చెయ్యి అలాగే తిరిగింది కాబోలు.

అక్కడితో ఆపినా పోయేది. బైబిల్లో లూకా సువార్త ఏడో అధ్యాయం తీసి, ‘ఇది మీకు బాగా తెలిసిన భాగమే అంకుల్’ అంది. శతాధిపతి (వందమంది సైనికుల మీద అధికారి) కథ. మిలటరీవాణ్ని కనక దాని మీద ఎన్నిసార్లు వాక్యం చెప్పానో లెక్కలేదు. యూదుల పెద్దలు యేసు దగ్గరికొచ్చి ఆ రోమా అధికారి తరఫున మాట్లాడతారు: అతడు మన జనులను ప్రేమించాడు, మనకు సమాజమందిరం కట్టించాడు అని. ‘ఇక్కడ మా జనులు, మాకు అని పెట్టి చదవండి’ అంది. చదివాను. యేసు ఆ జనంలోంచి బయటికి వెళ్లిపోయాడు. ఒక్క అక్షరం మారిస్తే యూదుడు పరాయివాడైపోయాడు. అన్నేళ్లు చెప్పిన వాక్యంలో ఆ ‘మన’ నా కంట పడనే లేదు.

ఈ సందర్భంగా ఒక మాట. బయటి రాష్ట్రాల్లో ఏళ్లకేళ్లు ఉద్యోగం చేసొచ్చి నాకు నాలుగు భాషలొచ్చని మీసం తిప్పేవాళ్లు, రాసింది ముందు ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. నేను వినిపించలేదు. వినిపించి ఉంటే మా ఆవిడ ‘శిక్ష’ దగ్గరే ఆపేది. డిశ్చార్జి బుక్కు జిరాక్సులు మాత్రం మోసుకెళ్లకండి, ఎవరూ చూడరు.

లేవబోతుంటే ఆమె ఇంకోటి అడిగింది. తుఫానులో శిష్యులు యేసును నిద్ర లేపి, చచ్చిపోతున్నాం నీకు చింత లేదా అంటారు. దోనెలో ఆయనా ఉన్నాడు. అక్కడ ‘మనం’ అనాలా, ‘మేం’ అనాలా? ఉత్త ‘చచ్చిపోతున్నాం’ అని వదిలేస్తే పోలేదా అన్నాను, క్రియ రెండింటికీ సరిపోతుంది కదా అని. ‘అలా తప్పించుకోవచ్చు, కానీ మీకేమనిపిస్తుంది?’ అంది.

కాసేపు ఆలోచించాను. కింద మనుషులు చస్తుంటే టెంటులో నిద్రపోతున్న ఆఫీసరును లేపడానికి వెళ్లినవాడు ‘మనం’ అనడమ్మా అన్నాను. వాడి కడుపులో కోపముంటుంది. ‘మేం’ అంటాడు. ఆమె ఏమీ అనకుండా పెన్ను తీసి అది రాసుకుంది. సాయంత్రం మొత్తం మీద నా మాట ఆమె రాసుకున్నది అదొక్కసారే.

అనువాదం మాత్రం ఇప్పుడే ఇవ్వరట. కొన్నాళ్లు వినేవాళ్ల వరసలో కూర్చోమన్నారు. వచ్చే బుధవారం ఇంకొకరి కాగితం చదువుతారు. ఎవరిదని అడిగితే, నన్ను అనుభవ పత్రం అడిగిన గుమాస్తాగారిదట. ఆయన కూడా ఈ మధ్యే అనువాదం మొదలుపెట్టారట. బుధవారం పావుగంట ముందే వెళ్లి ముందు కుర్చీలో కూర్చుంటాను.