తీసి ఉంచిన గడియ

ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పాను. గుండెకు నాలుగు గదులని బోర్డు మీద ఎన్నిసార్లు బొమ్మ గీశానో లెక్క లేదు. అయినా 2023 జనవరిలో ఒక రాత్రి రెండు గంటలకు నా గుండె దడదడలాడినప్పుడు ఆ చదువేదీ అక్కరకు రాలేదు. మా వారు 2021 మే నెలలో కరోనాతో పోయారు. కొడుకు పూణెలో, కూతురు డాలస్‌లో ఉంటారు. నల్లగొండ రామగిరిలోని ఇంట్లో నేనొక్కదాన్నే.

వేళ్ళు తిమ్మిరెక్కాయి, పెదవులు మొద్దుబారాయి, ఎంత పీల్చినా ఊపిరి చాలలేదు. పోతున్నాననే అనుకున్నాను. కొడుకుకు ఫోన్ చేయాలని తోచలేదు. గోడ పట్టుకుని వెళ్ళి వీధి తలుపు గడియ తీసి, కొంగు సరిచేసుకుని, తలుపుకు ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను. తెల్లవారాక పాలబ్బాయి పిలిచి పిలిచి నలుగురిని పోగుచేసి తలుపు పగలగొట్టే పని పెట్టకూడదని నా ఆలోచన. అరగంటలో దడ తగ్గింది కానీ, ఆ గడియ మళ్ళీ వేయడానికి తెల్లవారే దాకా చేతులు రాలేదు.

మరునాడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ చేసి, అన్నీ బాగున్నాయన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. డాక్టరు గారు కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పకుండానే, “ఏమీ లేదమ్మా, ఖాళీగా ఉంటే ఇట్లాంటివే వస్తాయి, మనుమలతో ఆడుకోండి” అన్నారు. మనుమరాలిని ఫోన్ తెర మీద తప్ప చూసి అప్పటికి మూడేళ్ళు. ఆ “ఏమీ లేదు” అన్న మాట వల్ల నేను రెండు నెలలు నోరు మూసుకున్నాను. మళ్ళీ మూడుసార్లు అదే దడ వచ్చింది, బజారుకు పోవడం మానేశాను. ఆయన మీద కోపం నాకిప్పటికీ చల్లారలేదు.

మా ఆడబిడ్డ మాత్రం “గాలి సోకింది వదినా” అని అమావాస్యకు చెర్వుగట్టు శివాలయానికి తీసుకుపోయింది. మనసులో విసుక్కుంటూనే వెళ్ళాను. అంతమంది జనం మధ్య, ఎవరి పిల్లవాడో ఏడుస్తుండగా, చాప మీద ఒళ్ళు మరిచి నిద్రపోయాను. అది జడల రామలింగేశ్వరుని దయో, పక్కన మనిషి అలికిడో తేల్చుకోవాలని నాకు లేదు.

తరువాత తోటి టీచరు చెబితే, మనసు బాగాలేని వారికోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ చేశాను. ఏ వేళైనా పలుకుతారు, డబ్బు కట్టనక్కరలేదు. ఫోన్ ఎత్తిన అమ్మాయి తెలుగులో నెమ్మదిగా మాట్లాడి, “రాత్రిళ్ళు ఇంట్లో మీతో ఎవరుంటారమ్మా?” అని అడిగింది. ఆసుపత్రిలో అన్ని పరీక్షలు చేయించిన వారెవరూ అడగని ప్రశ్న అది. చచ్చిపోవాలని అనిపిస్తుందా అని కూడా సూటిగానే అడిగింది. లేదని చెబుతూ ఏడ్చేశాను.

ఆమె సలహాతోనే ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యురాలిని కలిశాను. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గుతుందని, వేళ్ళ తిమ్మిరి దానివల్లేనని ఆమె చెప్పగానే, ఇది నేను పిల్లలకు చెప్పదగ్గ పాఠమే కదా అని సిగ్గుపడ్డాను. తాను రాసిన మాత్ర గుణం కనబడటానికి వారాలు పడుతుందని ముందే హెచ్చరించారు. మొదటి వారం కడుపులో తిప్పింది, మానేద్దామనుకున్నాను, మానలేదు. ఎవరికైనా నేను చెప్పేది ఇదే: మందులు మీ అంతట మీరు ఆపవద్దు, మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవద్దు.

ఇప్పుడు గడియకు బదులు బయటి నుంచి కూడా తెరుచుకునే తాళం పెట్టించి, రెండో తాళంచెవి ఎదురింటి వారికిచ్చాను. రోజూ ఉదయం ఆరు గంటలకు మిర్యాలగూడలో ఒంటరిగా ఉండే మరో రిటైర్డ్ టీచరు నాకు ఫోన్ చేస్తుంది. మొన్నొకనాడు ఆరున్నరైనా ఫోన్ రాలేదు. గాబరాగా నేనే చేస్తే, “పాలు పొంగిపోయి పొయ్యంతా తుడుస్తున్నా, ఉండు టీచరమ్మా!” అని కసురుకుంది.